బహుమతి సెలవు

ఏడాది పొడుగునా ఒక్క సెలవు కూడా పెట్టని ఉద్యోగికి వారం రోజులు జీతంతో సెలవు బహుమతిగా ఇస్తామని పైనుంచి ఆర్డరు వచ్చింది. అది ఎవరికి దక్కుతుందో మా ఆఫీసు గోడలక్కూడా తెలుసు. కోటుగారికి.

మాది జనన మరణ ధ్రువపత్రాలిచ్చే కిటికీ. లోపల రెండు కుర్చీలు, ఒకటి నాది, ఒకటి ఆయనది. ఆయన పొద్దున్నే వచ్చి హాజరు పట్టీలో సంతకం గీకి, కోటు విప్పి కుర్చీకి తగిలించి, ఎదురు వీధిలో బావమరిది ఫర్నిచరు కొట్టులో బేరాలాడుకోవడానికి వెళ్ళిపోతాడు. సాయంత్రం వచ్చి కోటు తొడుక్కుంటాడు. ఎవరైనా అడిగితే "ఇక్కడే ఉన్నారు, ఇప్పుడే లేచారు" అని కోటు చూపించడం మా ఆఫీసు మర్యాద. ఆయన వంతు ముద్రలు నేనే కొడతాను, ఆయన వంతు తిట్లూ నేనే తింటాను.

సభ పెట్టి, పూలగుత్తి చేతికిచ్చి, మా పెద్దసారు ఆయన అంకితభావం గురించి మాట్లాడుతుంటే సగం మంది నవ్వాపుకోలేక దగ్గారు. కోటుగారు మాత్రం తల వంచుకుని కొత్త పెళ్ళికొడుకులా సిగ్గుపడ్డాడు.

అంతటితో ఆగితే ఉమ్మేసి ఊరుకునేదాన్ని. కానీ ఆయన ఎంచుకున్న వారంలోనే మా పాప కంటి ఆపరేషను.

పాపకి ఏడేళ్ళు. మెల్లకన్ను. బళ్ళో పిల్లల వెక్కిరింపులు పడలేక, ఎవరితో మాట్లాడినా నేలచూపులే. డాక్టరు తేదీ ఇవ్వడానికే నెలలు పట్టింది. రెండు కళ్ళకీ కట్టు కడతారని తెలిసినప్పటినుంచీ దానికి ఒకటే బెంగ.

"చీకట్లో నాకు భయం అమ్మా. కట్టు కట్టేప్పుడు నీ చెయ్యి నా చేతిలో ఉండాలి. ఒట్టు?"

"ఒట్టు తల్లీ" అన్నాను. సెలవు మంజూరైంది కూడా. ఆ ధైర్యంతోనే అన్నాను.

సభ అయిన మర్నాడు పెద్దసారు పిలిచాడు.

"రెండు కుర్చీలూ ఖాళీ అయితే కిటికీ మూసెయ్యాలమ్మా. ఆయనది బహుమతి సెలవు, ఆపితే నాకు మాటొస్తుంది. మీది మామూలు సెలవు. రద్దు చెయ్యక తప్పదు."

"మా పాపకి ఆపరేషను సార్."

"వాయిదా వేయించుకోండి. పోనీ, మీ ఆయన ఉన్నాడుగా?"

"పిల్లల వార్డు లోపలికి ఆడవాళ్ళనే రానిస్తారు సార్. మా అత్తగారు మంచం దిగలేరు. ఇంకెవరున్నారు నాకు?"

"అవన్నీ ఇంటి సంగతులమ్మా" అని ఫ్యాను వేగం పెంచుకున్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. మా దగ్గర ఆ పూజారి ఇచ్చిన వరాన్ని కూడా వెనక్కి లాక్కుంటాడు.

ఆపరేషను రోజు పొద్దున పాపని వాళ్ళ నాన్నతో పంపి, "నువ్వు వెళ్ళు, వెనకే వస్తా" అని చెప్పి ఆఫీసుకొచ్చాను. గంటసేపు అనుమతి అడిగితే సారు కుదరదన్నాడు. చువ్వల అవతల జనం తోసుకుంటున్నారు. నా చెయ్యి ముద్రలు కొడుతోంది, ప్రాణం ఆసుపత్రిలో ఉంది.

అప్పుడు వచ్చాడు కోటుగారు. ఇస్త్రీ చొక్కా, నోట్లో వక్కపొడి. వచ్చి తన కుర్చీలో కాళ్ళు బారజాపుకుని కూర్చున్నాడు. ఏడాదిలో ఆ కుర్చీకి ఆయన బరువు తెలియడం అదే మొదలు.

"ఏం చెయ్యను చెల్లెమ్మా, కొట్టుకి రంగులేస్తున్నారు. ఇంట్లో ఉంటే మీ వదిన బూజులు దులపమంటోంది. ఇక్కడైతే ఫ్యాను కింద ప్రశాంతంగా ఉంటుందని వచ్చా."

నాకు ప్రాణం లేచొచ్చింది. "అన్నగారూ, మీ కాళ్ళు పట్టుకుంటా. పాపని ఇంకాసేపట్లో లోపలికి తీసుకెళ్తారు. ఎలాగూ వచ్చారు కదా, మధ్యాహ్నం దాకా ఈ కిటికీ చూసుకోండి."

ఆయన నిజంగానే నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు. "అయ్యో, ఎంత మాట! కానీ నేను సెలవులో ఉన్నాను కదమ్మా. సెలవులో ఉన్నవాడు ముద్ర ముట్టుకుంటే తప్పు. రేపు ఆడిట్లో పట్టుకుంటారు."

పెద్దసారు గదిలోంచే అందుకున్నాడు. "నిజమేనమ్మా. రికార్డు ప్రకారం ఆయన ఇవాళ ఇక్కడ లేరు."

ఏడాదంతా లేనివాడు ఉన్నట్టు, కళ్ళెదుట కూర్చున్నవాడు లేనట్టు! కోటుగారు వక్కపొడి నములుతూ, "పాపకేం కాదులే, చిన్న ఆపరేషనే" అని నన్ను ఓదార్చాడు. ఆ నమిలే దవడ వంక చూస్తే పుట్టిన అసహ్యం ఇంతా అంతా కాదు. మనిషి దుర్మార్గుడైనా బాగుండేది, తిట్టడానికి ఆసరా ఉండేది. ఈ మెత్తటి మనుషులు అరటిపండు తిన్నంత తేలిగ్గా ఎదుటివాళ్ళ బతుకు తినేస్తారు.

అయినా ఇంకో పదిమందికి ముద్రలు కొట్టాను. ఎందుకు కొట్టానో ఇప్పటికీ తెలియదు, భయమే అయ్యుంటుంది. ఆ తరవాత మా ఆయన ఫోను చేశాడు. "ఆపరేషనుకి పిలిచారే. నువ్వొచ్చేదాకా వాయిదా వెయ్యమని నర్సుని బతిమాలుతోంది పిల్ల."

ముద్రల సిరా దిండు కోటుగారి ఇస్త్రీ చొక్కా మీదికి గిరాటేసి లేచాను. "మెమో ఇస్తాను!" అని పెద్దసారు అరుస్తున్నాడు. "మెమో ఇచ్చుకోండి, సన్మానం కూడా చేసుకోండి!" అని అరిచి బయటికి పరిగెత్తాను.

నేను చేరేసరికి అంతా అయిపోయింది. మా ఆయన వరండాలో నిలబడి ఉన్నాడు. నన్ను చూసి తలుపు వైపు చూపించాడు.

పాప మంచం మీద చిన్న మూటలా పడుకుని ఉంది. రెండు కళ్ళ మీదా తెల్లటి కట్టు. పక్కన కూర్చున్న నర్సు నన్ను చూసి లేచి, దాని చేతిలోంచి తన చెయ్యి నెమ్మదిగా విడిపించుకుంది. ఆ ఖాళీ అయిన చేతిలో నా చెయ్యి పెట్టాను. చిన్న వేళ్ళు గట్టిగా బిగుసుకున్నాయి.

"నర్సమ్మా" అంది పాప, మత్తు మత్తుగా. "మా అమ్మ ఇంకా రాలేదా?"