త్రేసియమ్మ చేచి కప్ప

త్రిశూర్‌లో మా మాష్, అంటే మా మాస్టారు, ఉండే వీధిలో ఆడవాళ్ల పేరు మీద ఇళ్లున్నాయి, రబ్బరు తోటలున్నాయి, ఒకావిడ పేరు మీద పెట్రోలు బంకు కూడా ఉంది. త్రేసియమ్మ చేచి పేరు మీద కప్ప ఉంది.

చేచి అంటే మలయాళంలో అక్క. ఆవిడ భర్త, మా ఈప్పన్ మాష్, కప్పల శాస్త్రవేత్త. వెనకటికి నెల్లియంపతి కొండల్లో పచ్చగా, నున్నగా, వీపు మీద బంగారు చారతో ఉన్న కప్పను పట్టి, ఇది కొత్త జాతి అని ప్రకటించి, దానికి భార్య పేరు పెట్టారు. మా వృత్తిలో అది ఆచారం. చీర పెట్టినదానికంటే మేలు, చిరగదు.

ఆ ఇంటికి వెళ్తే టీకి ముందే కప్ప ఫొటో వస్తుంది. ఎదురింటి రోసిలీ తన కొడుక్కి మెడిసిన్ సీటొచ్చిందని చెప్పబోతే, "సంతోషం. సీట్లు ఏటా వస్తాయి, కప్ప రమ్మంటే రాదు" అన్నారట చేచి. చర్చి మహిళా సంఘం అధ్యక్ష పదవి కూడా పోటీ లేకుండానే వచ్చింది. కప్ప ఉన్న మనిషి మీద ఎవరు నిలబడతారు?

ఆ కప్పను రద్దు చేసే పని మాష్ ఆఖరి శిష్యురాలినైన నా నెత్తిన పడింది. ఆ రకం కప్పల్ని తెచ్చి గాజు తొట్టెలో పెంచాను. పెరిగేకొద్దీ పచ్చదనం మట్టిరంగయింది, చార మాయమైంది, ఒళ్లంతా బొడిపెలు లేచాయి. తీరా చూస్తే తెల్లదొరల కాలంలోనే పేరు పెట్టిన బొడిపెల కప్ప! జన్యువులూ అదే చెప్పాయి. రెండూ ఒకటేనని తేలితే ముందు పెట్టిన పేరే నిలవాలని నియమం. పెళ్లాల పేర్లకి మినహాయింపు లేదు.

లేతదాన్నీ ముదురుదాన్నీ ఐస్‌క్రీం డబ్బాలో పెట్టుకుని వెళ్లాను. మాష్ వరండాలో కూర్చుని భూతద్దంతో చాలాసేపు చూశారు.

"ఒకటే, రంజుషా. ఎంత బాగా పెంచావే!" అని మురిసిపోయారు. అంతలో వంటింటి వైపు చూసి గొంతు తగ్గించారు. "వ్యాసం ఇద్దరం కలిసి రాద్దాం. తప్పు నాది, నేనే దిద్దాలి. కాకపోతే కొన్నాళ్లు ఆగుదామా?"

"ఎన్నాళ్లు మాషే?"

"త్రేసి పోయాక."

"చేచికి బీపీ కూడా లేదు మాషే!"

"అదే కదా ఇబ్బంది."

"ఎవరు పోయాక?" అంటూ చేచి కరకరలాడే అచ్చప్పాల పళ్లెంతో వచ్చారు. మాష్‌కి అచ్చప్పాల మీద ఉన్నట్టుండి మహా శ్రద్ధ కలిగింది. ఇక నేనే చెప్పాను.

చేచి కుర్చీలో కూలబడ్డారు. "అంటే ఈ బొడిపెలదాంట్లో నన్ను కలిపేశారు."

"కలపలేదు చేచీ, అది మీరే... అంటే మీరు పెద్దయ్యాక..."

"తవ్వు, నీ గొయ్యి ఇంకా లోతుగా తవ్వు."

చేచి కళ్లద్దాలు తీసి కొంగుతో తుడిచారు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

"నా పేరు కొట్టేస్తారా?"

"కొట్టేయరు త్రేసీ," అన్నారు మాష్. "పాత పేరు కింద నీ పేరూ ఉంటుంది. దీని గురించి ఎవరు వివరంగా రాసినా, ఇదీ అదీ ఒకటేనని నీ పేరు చెప్పాల్సిందే."

"ఎప్పటిదాకా?"

"శాస్త్రం ఉన్నన్నాళ్లూ."

"మరి రోసిలీకి ఏం చెప్పను?"

"తప్పు నాదని నేను చెప్తాను."

"మీరెళ్లకండి. కనిపిస్తే ఫ్రిజ్ బాగుచేయమంటుంది. సైంటిస్టంటే అదే అనుకుంటుంది."

చేచి డబ్బాలోకి చెయ్యి చాపారు. బొడిపెలది తాపీగా ఆవిడ వేలెక్కి కూర్చుంది. చేచి దాన్ని దులిపేసుకోలేదు. "అప్పుడూ ఇంతే చల్లగా ఉండేది," అన్నారు. "పెళ్లయిన వారానికే కొండెక్కించి వానలో నా చేత టార్చి పట్టించాడీ మనిషి." ఇంకాసేపు దాన్నే చూసి, "రాయండి. నా ఎదురుగానే," అన్నారు.

నేను లాప్‌టాప్ తెరిచాను. మాష్ చెబుతున్నారు: "లేత కప్పను ఎదిగినదిగా పొరబడి, కొత్త జాతిగా వర్ణించాను."

"ఇదిగో మనిషీ, ఎందుకు పొరబడ్డారో కూడా చెప్పండి."

"ఏముంది త్రేసీ, వాన, చీకటి..."

"చీకటేమిటి, టార్చి నేనే కదా పట్టుకున్నా! మీరు కప్పను చూస్తేగా?"

మాష్ చెవులు ఎర్రబడ్డాయి. శాస్త్ర పత్రికలు ఇలాంటి కారణాలు వేసుకోవు. ఆయన నా వైపు తిరిగారు.

"'ఆ సమయంలో పరిశీలకుడి దృష్టి వేరేచోట ఉంది' అని కొట్టమ్మా."

కొట్టాను.