ఆరో గడి

ముందే ఒప్పుకుంటాను. ఆ మధ్యాహ్నం ఫ్యాక్టరీ గేటు దగ్గర నేనున్నాను. అంతా చూశాను. చూసి కూడా నా దారిన నేను వెళ్లి నా పని చేసుకున్నాను. మిషన్ల మీద వంగి బతికే అక్కచెల్లెళ్లూ, చదువుకుంటున్న పిల్లలూ, ఈ కథ చెబుతున్న మనిషి మొదట ఏ పక్కన నిలబడిందో మీకు తెలియాలి.

ఆ బట్టల ఫ్యాక్టరీది రేకు గేటు. పొద్దున ఎనిమిదికి వేసిన తాళం సాయంత్రం ఆరుకే తీస్తారు. బయట ఒక ముసలావిడ రెండు నెలల మనవరాలిని భుజాన వేసుకుని అటూ ఇటూ తిరుగుతోంది. పిల్ల ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. నాకు సర్వే పాసు ఉంది కాబట్టి పక్కనున్న చిన్న తలుపు తీశారు. నేను దూరగానే మళ్లీ గడియ పెట్టేశారు. నేను పట్టిన తలుపులో రెండు నెలల పిల్ల పట్టకపోయింది.

తిండికిచ్చిన ఇరవై నిమిషాల్లో పిల్ల తల్లి లోపల్నుంచి పరుగెత్తుకుంటూ వచ్చింది. షర్టులకు కాలర్లు కుడుతుంది కాబట్టి అందరూ ఆమెను కాలరక్క అంటారు.

“బాబాయ్, ఐదు నిమిషాలు. ఇక్కడే, నీ కళ్లముందే కూచుని ఇచ్చేస్తా.”

“పాసు లేకుండా తలుపు తీశానంటే రేపట్నుంచి నేనూ గేటు బయటే తల్లీ,” అన్నాడు వాచ్‌మన్, మొహం తిప్పుకుని.

సూపర్‌వైజర్ వచ్చి ఆమె రెక్క పట్టుకుని లాగాడు. “ఇంటి దగ్గరే పట్టి రావాలి. ఇదేమన్నా నీ పుట్టిల్లనుకున్నావా?” అప్పటికే ఆమె జాకెట్టు ముందంతా తడిసిపోయింది. కత్తిరింపుల కుప్పలోంచి ఒక గుడ్డముక్క తీసి లోపల కుక్కుకుని మిషను దగ్గరికి పోయింది.

నెల తిరిగాక ఆమె ఇంటికి వెళ్లి ఫారం తీశాను.

“పిల్లకు మీ పాలిస్తున్నారా?”

“లేదమ్మా. మానిపించాను.”

“ఎందుకు?”

“చాలట్లేదు. ఎండిపోయాయి.”

ఒకటో గడిలో టిక్కు పెట్టి, సంతకం చేయించుకుని, పక్కింటికి వెళ్లాను.

మా పని ఏమిటో చెప్పాలి. తల్లిపాల మీద, బాలింతల ఆరోగ్యం మీద ఒక పెద్ద సంస్థ పరిశోధన చేయిస్తోంది. ఇల్లిల్లూ తిరిగి అడిగే ఆడవాళ్లం తొమ్మిదిమందిమి. ఇరవై ఏడో ప్రశ్న, పాలు ఎందుకు మానిపించారు అని. దానికి ఆరు గడులు. పాలు చాలక. బిడ్డ పట్టక. తల్లికి జబ్బు చేసి. మళ్లీ కడుపు వచ్చి. తల్లి ఇష్టంతో. ఆరోది, ఇతర కారణం. ఆరో గడిలో టిక్కు పెడితే ఆ కారణమేమిటో పక్కన రాయాలి. రాస్తే ఆఫీసులో సంజాయిషీ ఇచ్చుకోవాలి, ఫారం వెనక్కొస్తుంది, మళ్లీ ఎండలో పడి అదే గుమ్మం ఎక్కాలి. రోజుకు పన్నెండిళ్లు తిరిగేవాళ్లకు అంత ఓపిక ఎక్కణ్నుంచి వస్తుంది? ఏడాది మొత్తం మీద ఆరో గడి జోలికి ఒక్కరం పోలేదు. వాళ్లు చాలట్లేదంటారు, మేం ఒకటి కొడతాం. మా తప్పు అంత చిన్నది, అంత సులువైనది.

నేనూ బాలింతనే. మా బుజ్జిగాడికి అప్పుడు ఐదో నెల. పొద్దున ఏడున్నరకు వాడిని అత్త ఒళ్లో పడేసి బయల్దేరితే మళ్లీ చీకటి పడే వేళకే. మధ్యాహ్నానికి రొమ్ములు రాళ్లయ్యేవి. ఆఫీసు బాత్రూంలోకి వెళ్లి సింకులో పిండి పారబోసేదాన్ని. ఆ బాత్రూం తలుపుకే మేం అచ్చువేసిన పోస్టరు అంటించారు, తల్లిపాలకు సాటి లేదని.

ప్రతి పది ఫారాల్లో ఒకదాన్ని వేరే మనిషి వెళ్లి మళ్లీ అడగాలని మా రూలు. మేం రాసింది సరైనదో కాదో చూసుకోవడానికి. మా వీధి కూడా పరిశోధన పరిధిలోనే ఉంది కాబట్టి నేను కూడా ఒక ఫారాన్నే. నన్ను మళ్లీ అడిగే వంతు సైకిలక్కకు పడింది. మా అందరిలోకీ పెద్దది, ఎక్కడికైనా సైకిల్ మీదే పోతుంది.

“పాలిస్తున్నావా?”

“పోయిన నెల్లోనే మానిపించా అక్కా.”

“ఎందుకు?”

“చాల్లేదు.”

నా నోట్లోంచి అంత తేలిగ్గా వచ్చేసింది. సైకిలక్క టిక్కు పెట్టబోయి ఆగింది.

“మరి నువ్వు రోజూ సింకులో పిండి పోసిందేంటే? కుళాయి నీళ్లా?”

నవ్వొచ్చింది. ఆ వెనకే ఏడుపొచ్చింది. గోడవతల మా అత్త వాడికి డబ్బాపాలు కలుపుతున్న చెంచా చప్పుడు వినిపిస్తోంది. పగలంతా పట్టకపోతే పాలు సన్నగిల్లిపోతాయని వందల గుమ్మాల్లో చెప్పినదాన్ని, నా దాకా వచ్చేసరికి నా ఒంటినే తిట్టుకున్నాను. సైకిలక్క పెన్ను మూతపెట్టింది.

“అయితే మనం రాసినవన్నీ ఇంతేనటే?” అంది మెల్లగా.

మర్నాడు తొమ్మిదిమందిమీ డాక్టరమ్మ గదికి వెళ్లాం. పరిశోధనకు ఆవిడే పెద్ద. చెడ్డమనిషి కాదు. బాలింత నేలమీద కూచుంటే తనూ నేలమీదే కూచునే రకం. మేం చెప్పింది చివరిదాకా విని, సొరుగులోంచి రెండు కాగితాలు తీసింది.

“మొదటిది ఫ్యాక్టరీతో ఒప్పందం. లోపలికి వెళ్లి మాట్లాడనిస్తారు, పనివేళల గురించి మాత్రం మనం అడక్కూడదు. సంతకం నాదే. పెట్టకపోతే అసలీ స్టడీయే లేదు.”

“రెండోదేంటమ్మా?”

చదివి వినిపించింది. ఈ ప్రాంతపు తల్లుల్లో సహజంగానే పాల ఉత్పత్తి తక్కువ. ఫ్యాక్టరీ యాజమాన్యం సహకారంతో పిల్లలకు డబ్బాపాలు పంచవలసిందిగా సిఫారసు. సోమవారం పై ఆఫీసుకు వెళుతుంది.

“సహజంగానే అంటే?” అంది సైకిలక్క. “గేటుకు తాళం వాళ్లు వేసి, తప్పు వీళ్ల రొమ్ములదా?”

“ఫారాలు చెప్పిందే నేను రాశాను. ఒకటో గడి ఎవరు కొట్టారు? మీరు కాదూ?” డాక్టరమ్మ కాగితాలు మళ్లీ సొరుగులో పెట్టేసింది. “కాన్పయిన ఇరవయ్యో రోజు నేను డాక్టరు పరీక్ష రాయడానికి వెళ్లాను. నా కూతురి ఫారం ఎవరైనా తెచ్చుంటే నేనూ ఒకటో గడే చెప్పేదాన్ని. నాకు తెలీదనుకోకండి. కానీ ఇప్పుడు నా చేతులు కట్టేసి ఉన్నాయి.”

ఆవిడ చేతులు బల్లమీద ఖాళీగానే ఉన్నాయి. నాకు ఒళ్లు మండింది. వాచ్‌మన్‌కు మేనేజరు భయం, మేనేజరుకు ఓనరు భయం, డాక్టరమ్మకు ఒప్పందం భయం, మాకు డాక్టరమ్మ భయం. ఇన్ని భయాలూ దొంతర పెట్టినట్టు పెట్టి, అట్టడుగున పాలు తాగే పిల్లను పడుకోబెట్టారు.

ఆ సాయంత్రం సైకిలక్క గదిలో మా మీటింగు. కూచోడానికి చోటు చాలక ఇద్దరు గుమ్మంలో నిలబడ్డారు.

“మళ్లీ అడిగే రూలు మనకుందిగా. పదికి ఒకటి కాదు, అన్నీ మళ్లీ అడుగుదాం,” అంది సైకిలక్క.

“ఉద్యోగం పీకేస్తే మా ఇల్లెవరు నడుపుతారు, నువ్వా?” అంది ఒకామె.

“నీకేం, నీ పిల్లలు పెద్దాళ్లయ్యారు!” అంది గుమ్మంలో నిలబడ్డామె.

“అందుకే చెబుతున్నా. మావాళ్లిద్దరూ డబ్బాపాల మీదే పెరిగారు. చాలలేదనే నేనూ ఇన్నేళ్లూ అనుకున్నా. నిన్నటి దాకా అనుకున్నా!”

చివరికి ఆరుగురం చేతులెత్తాం. ముగ్గురు ఏడుస్తూ వెళ్లిపోయారు. వాళ్లను నేను తప్పుపట్టను. మళ్లీ అడగడానికని ఆఫీసు బీరువాలోంచి ఫారాల కట్టలు తీసి సంచుల్లో సర్దుకున్నాం.

మొదట కాలరక్క ఇంటికే వెళ్లాను. ఫారం చేతికిచ్చి, నేను ఏం రాశానో చెప్పాను.

“అంటే నా ఒంట్లో పాలు లేవని ఊరందరికీ రాసిచ్చావా?” అంది.

“మీరు చెప్పిందే రాశానక్కా.”

“నేను చెప్పా, నిజమే. మరి నువ్వు చూశావుగా! గేటు దగ్గర నిలబడి చూశావుగా నువ్వు! నాకైతే బుద్ధి లేదు, రోజంతా మిషను గోలలో పడి చచ్చేదాన్ని. నీకేమైందే?”

వీధిలో వాళ్లంతా మూగారు. తల దించుకుని నిలబడ్డాను. అంత సిగ్గు నా పెళ్లినాడు కూడా పడలేదు. తిట్టి తిట్టి అలిసిపోయాక ఆమే ఫారం నా చేతిలో పెట్టింది.

“అడుగు మళ్లీ. ఈసారి గట్టిగా అడుగు, అందరూ వినాలి.”

“పాలు ఎందుకు మానిపించారు?”

“గేటు తీయలేదు. రాయి.”

ఆరో గడిలో టిక్కు పెట్టి, పక్కన అదే రాశాను. వెనక నిలబడ్డ, షర్టులకు బొత్తాలు కుట్టే పిల్ల ముందుకొచ్చింది, “నాదీ అదే రాయి.” ఇస్త్రీ చేసే ఆవిడ వచ్చింది. నాలుగు సాయంత్రాలు అలా తిరిగాం. కొందరు భయపడి తలుపేసుకున్నారు. ఒకావిడ మాత్రం నిజంగానే జబ్బు చేసిందని చెప్పింది, మూడో గడిలోనే ఉంచాం. అబద్ధం రాయడానికి మేం బయల్దేరలేదు కదా.

శనివారం తిండి బెల్లు కొట్టే వేళకు గేటు ముందుకు వెళ్లాం. పిల్లలను ఎత్తుకుని అమ్మమ్మలు, నాయనమ్మలు, ఆడబిడ్డలు. మా అత్త కూడా వచ్చింది, బుజ్జిగాడిని చంకనేసుకుని, దారి పొడుగునా సణుక్కుంటూ. “కాపురం చేసుకోమంటే రచ్చకెక్కింది మహాతల్లి.” కానీ నడక మాత్రం అందరికంటే ముందుంది.

సైకిలక్క ఫారం పట్టుకుని రేకు మీద గుద్దింది. “ఇరవై ఏడో ప్రశ్న! పాలు ఎందుకు మానిపించారు?”

లోపల్నుంచి ముందు ఒక్క గొంతే, కాలరక్కది. “గేటు తీయలేదు!” తర్వాత పది. తర్వాత ఎన్నో తెలియలేదు. రేకు అదిరింది. తల్లుల గొంతులు విని పిల్లలంతా ఒక్కసారిగా గుక్కపట్టారు. మేనేజరు మేడ మీంచి ఫోన్ చేయడం మేం చూశాం.

గేటు తెరుచుకోలేదు. పోలీసు జీపు వచ్చింది. సంచులు లాక్కున్నారు. నన్నూ సైకిలక్కనూ ఎక్కించుకున్నారు.

స్టేషన్లో ఎస్సై మర్యాదగానే మాట్లాడాడు. ఫారాలు సంస్థ ఆస్తి, మేం దొంగిలించాం, ఫిర్యాదు మీద డాక్టరమ్మ సంతకం ఉంది. ఆ సంతకం ఎంత వంకరగా ఉందో చూశాను. వేరే ఎవరో చేశారేమో అనుకునేంత వంకర.

“ఇదిగో, రెండు ముక్కలు. ఫారాల్లో రాసింది మీరే కల్పించారు, ఆ తల్లులు అలా చెప్పలేదు. సంతకం పెట్టి ఇంటికెళ్లు. బయట నీ పిల్లాడేనా ఏడుస్తోంది?”

వాడే. అత్తను మెట్ల మీదే ఆపేశారు. వాడి ఏడుపు నాకు తెలియదా? వినగానే, ఎండిపోయాయనుకున్న పాలు ఒక్కసారిగా చేపుకొచ్చి జాకెట్టు తడిపేశాయి. ఎస్సై అది చూసి, ఎరగనట్టు కాగితం ఇంకాస్త ముందుకు జరిపాడు.

సైకిలక్క వైపు చూశాను.

“నీ ఇష్టమే,” అంది. “నువ్వు పెట్టినా నేను ఒక్క మాట అనను. నీవాడు చిన్నోడు. నేను మాత్రం పెట్టను.”

తిడితే బాగుండేది. మీ దగ్గర దాచడమెందుకు, పెన్ను చేతిలోకి తీసుకున్నాను. మొదటి అక్షరం కూడా రాశాను. ఆ కాగితం మీద నా పేరు పడితే ఆ వీధిలో ఆడవాళ్లంతా మళ్లీ పాలు లేనివాళ్లయిపోతారు. పడకపోతే నా కొడుకు అక్కడే గొంతు పోయేదాకా ఏడుస్తాడు. ఎటు కదిలినా గోడే.

అప్పుడు వీధిలో రొద వినిపించింది. కానిస్టేబుల్ కిటికీలోంచి తొంగిచూసి, “ఆడాళ్లు సార్, రోడ్డంతా ఆడాళ్లే,” అన్నాడు.

“ఎవరు?”

“ఫ్యాక్టరీ వాళ్లు సార్.”

ఎస్సై గోడ గడియారం చూశాడు. రెండున్నర. “ఆరింటి దాకా గేటు తీయరుగా?”

గుమ్మంలో కాలరక్క నిలబడి ఉంది, చంకలో పిల్ల. అరచెయ్యి రేకు గీరుకుని రక్తం కారుతోంది. ఆమె వెనక బొత్తాల పిల్ల, ఇస్త్రీ ఆవిడ, వాళ్ల వెనక మెట్లు కనపడనంత మంది.

“మిమ్మల్ని ఎవరు వదిలారు?” అన్నాడు ఎస్సై.

“ఎవరూ వదల్లేదు సార్. వచ్చేశాం.”

నేను పెన్ను కింద పెట్టాను. ఆ తోపులాటలో మా అత్త ఎట్లా దూరిందో దూరింది, బుజ్జిగాడిని నా ఒళ్లో వేసి, ఎస్సైకీ నాకూ మధ్యన గోడలా నిలబడింది. “పాలు తాగుతున్నాడు, అటు తిరుగు నాయనా,” అంది. ఎస్సై తిరిగాడు.

“కల్పించారని రాయమన్నారట, మెట్ల మీద పెద్దావిడ విని చెప్పింది,” అంది కాలరక్క. “చెప్పింది మేం. రాసుకోండి, మా పేర్లూ రాసుకోండి. ఒక్కొక్కళ్లం చెబుతాం.”

మమ్మల్ని ఆ రోజు వదల్లేదు. ఉద్యోగం ఎలాగూ పోయింది, సోమవారం ఆ రిపోర్టూ వెళ్లిపోయింది. కానీ ఆ మధ్యాహ్నం స్టేషన్ రైటరు బల్ల ముందు వరుస కట్టిన ఆడవాళ్లను ఎవరూ కదిలించలేకపోయారు. రైటరు మొదటామెను అడిగాడు, పనిలోంచి ఎందుకు బయటికొచ్చావని.

“పిల్లకు పాలివ్వడానికి. గేటు తీయలేదు.”

“కాస్త మెల్లగా చెప్పమ్మా, వీధిలోకి వినబడుతోంది.”

ఆమె వెనక నిలబడ్డ మనిషి ఇంకా గట్టిగా చెప్పింది.