చేబదులు గుడిసె

అబద్ధం చెప్పి సంపాదించిన ఇంట్లో వెలిగించిన దీపం దేవునికి అందుతుందా?

ఈ అనుమానం ముత్తెన్నను పదకొండేళ్లుగా పట్టుకుని ఉంది. ప్రతి సోమవారం ఆర్మూరు సిద్ధుల గుట్ట ఎక్కి, బండరాళ్ల సందులో వంగి లోపలికి పోయి, శివుడి మీద చెంబెడు నీళ్లు పోసేటప్పుడు కూడా అది అతన్ని వదిలేది కాదు. పూజారిని అడుగుదామని రెండుసార్లు నోరు తెరిచాడు. అడిగితే ఆయన "ఏ ఇల్లు? ఏం అబద్ధం?" అని ఎదురడుగుతాడు. అందుకని కొబ్బరి చిప్ప కళ్లకద్దుకుని ఊరుకున్నాడు.

ఆ ఇల్లు ఊరి చివర కాలనీలో ఉంది. ఒక గది, ముందు చిన్న వసారా. తలదాచుకోవడానికి నీడ లేనివాళ్లకు సర్కారు ఇచ్చిన ఇల్లు. ముత్తెన్నకు నీడ లేకపోలేదు. బజారు వెనక తండ్రి కట్టిన గూనపెంకుల ఇల్లుంది, రెండెకరాల పసుపు చేనుంది. కాలనీ ఇంట్లో ఒక్క రోజైనా మనిషి పడుకోలేదు. పసుపు కొమ్ముల బస్తాలు మాత్రం ఏటా హాయిగా పడుకున్నాయి. భార్య గంగామణి శుక్రవారం నాడు పోయి, బస్తాల మధ్య చోటు చేసుకుని దీపం పెట్టి వచ్చేది.

ఆ ఇల్లు వచ్చిన తీరు ఇది. ఎనభై ఆరో సంవత్సరం చలికాలంలో ఇండ్లు లేనివాళ్ల పేర్లు రాసుకునే సార్లు ఊళ్లోకి దిగారు. ఎవరి గుడిసె ముందర వాళ్లను నిలబెట్టి ఫోటో తీస్తున్నారని, గుడిసెకు ఒక్క పేరే రాస్తున్నారని తెలిసింది. చిన్ననాటి జతగాడు హన్మయ్య వచ్చి ముత్తెన్న చెవిలో వేశాడు.

"నాకేడిదిరా గుడిసె?" అన్నాడు ముత్తెన్న.

"లేకుంటే ఒకలను అడుక్కుందాం. ఉప్పు అడుక్కుంటలేమా, కారం అడుక్కుంటలేమా?"

మార్కెట్ గోడ వెంట తాటాకు గుడిసెల్లో ఆరోది పోచవ్వది. మొగుడు పోయి రెండేళ్లయింది. బీడీలు చేసుకుని బతుకుతుంది. పసుపు ఉడకబెట్టే రోజుల్లో ముత్తెన్న చేనుకే కూలికి వస్తుంది. అతనికన్నా పదేళ్లు పెద్దది. ముత్తెన్న ఆమెను అక్కా అనే పిలుస్తాడు.

"అక్కా, నీ గుడిసె జర ఒక్క గంట ఇయ్యరాదు."

ఆమె తునికాకు కత్తిరించడం ఆపి నవ్వింది. "గుడిసేందిరో! నెత్తిన వెట్టుకొని పోతవా ఏంది?"

"ఫోటో దిగుతడు, గంతే," అన్నాడు హన్మయ్య.

"మరి నా పేరు?"

జవాబిచ్చింది ముత్తెన్నే. "మలిసారి లిస్టుల నీ పేరు నేను రాయిపిస్త అక్కా. శివుని మీద ఆన."

దేవుని పేరు చెప్పేసరికి పోచవ్వ ఇంకో మాట అడగలేదు. అతన్ని పైనుంచి కిందికి చూసింది. "గా తెల్లంగి మీద నిన్ను గరీబోడని ఎవడు నమ్ముతడు?" అంటూ లోపలికి పోయి, చచ్చిపోయిన మొగుడి గొంగడి తెచ్చి అతని భుజాల మీద కప్పింది. "ఇగ జర కూలోని లెక్కున్నవ్," అని తనే నవ్వుకుని, ఫోటోలో పడకుండా గోడ అవతలికి పోయి కూర్చుంది. ఆ తొందరలో బీడీల చాట గుమ్మం ముందే మరచిపోయింది.

సారు అడిగాడు. "ఈ గుడిసె నీదేనా?"

"నాదే సార్."

అంతే, రెండు మాటలు. ఆ సంబరంలో గొంగడి భుజం మీదనే వేసుకుని ఇంటికి వచ్చాడు. రేపు ఇద్దాం అనుకున్నాడు.

ఆ రేపు రాలేదు. గొంగడి కళ్లబడితే పోచవ్వ గుర్తొచ్చేది. అందుకని వేపాకు వేసి సందుగ పెట్టె అడుగున పెట్టాడు. గృహప్రవేశం నాడు సత్యనారాయణ వ్రతం చేశాడు. పోచవ్వ కూడా వచ్చి, గడప బయట నిలబడి ప్రసాదం పట్టింది. "ఇల్లు సల్లగుండాలె తమ్మీ. మలిసారి నాదే కద?" అంది. ముత్తెన్న ఆమె దోసిట్లో ఇంకో చెంచా ప్రసాదం వేశాడు. ఆ తర్వాత రెండుసార్లు పేర్లు రాశారు. రెండుసార్లూ మార్కెట్ గోడ దిక్కు అతను పోలేదు. తను పోయి ఆమె పేరు చెబితే, ఆరో గుడిసె ఎవరిదని అడుగుతారన్న భయం. చలి రోజుల్లో పోచవ్వ గోనెసంచి కప్పుకుని ఎదురుగా వస్తుంటే, అతను గల్లీ మార్చి పోయేవాడు.

తొంభై ఏడో సంవత్సరం వానల ముందు, మార్కెట్ రోడ్డు వెడల్పు చేయాలని, ఊరిని బాగుచేయాలని గోడ వెంట గుడిసెలన్నీ తీసేశారు. తీసినవాళ్లకు కాలనీలో జాగా చూపించి ఇండ్లు ఇస్తామన్నారు. పోచవ్వ మూట, చాట పట్టుకుని మార్కెట్ షెడ్డు కింద చేరింది. మూడో నాడు పంచాయతీ ముందర షామియానా వేసి సభ పెట్టారు. ధర్మం తెలిసిన మనిషని ముత్తెన్నను పిలిచి, పెద్దమనుషుల కుర్చీల్లో కూర్చోబెట్టారు.

కొత్తగా వచ్చిన ఆఫీసరు ఆడమనిషి. పాత కాగితాలు ముందు పెట్టుకుని ఒక్కొక్కరినీ పిలుస్తోంది. పోచవ్వ వంతు వచ్చింది.

"గోడ వెంట ఆరో గుడిసె. దీని మీద ఎప్పుడో ఇల్లు ఇచ్చారు కదమ్మా. ముత్తెన్న అని ఉంది. ఆయన ఉన్నారా?"

ముత్తెన్న లేచి నిలబడ్డాడు.

"ఆ గుడిసె మీదేనా?"

చెప్పాల్సింది ఒక్క మాట. అతను కింద పరచిన జంపఖానా చారలు చూస్తూ నిలబడ్డాడు. జనం చూస్తున్నారు. పోచవ్వ అతని వంకే చూసింది. చాలాసేపు చూసి, ఆఫీసరు దిక్కు తిరిగింది.

"నేను గప్పుడు గాడ లేను మేడం. తర్వాత వచ్చిన."

"అయితే నువ్వు ఈ లిస్టులోకి రావమ్మా. పాతవాళ్లకే ఈసారి." ఆఫీసరు పెన్నుతో ఆమె పేరు మీద గీత పెట్టింది.

సభ అయినాక ముత్తెన్న షెడ్డు దాకా ఆమె వెనకే పోయాడు. "అక్కా, గట్లెందుకు జెప్పినవ్?"

"మరేం జెప్పాలె? నువ్వు జెప్తవని చూసిన. జెప్పకపోతివి. మేక లెక్క నిలవడ్డవ్. నలుగుర్ల నీ మొకం చూడబుద్ధి గాలె." ఆమె మూట సర్దుకుంటూ అంది. "నీ ఇజ్జత్ తీస్తే నా గుడిసె లేస్తదా? పో తమ్మీ, మొగులైతున్నది. ఆరబోసిన పసుపు తడుస్తది."

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ముత్తెన్నకు.

సోమవారం వచ్చింది. చెంబు పట్టుకుని గుట్ట ఎక్కాడు. బండల సందులో వంగాల్సిన చోట ఆగిపోయాడు. తన కోసం ఆమె కూడా అబద్ధమాడింది. ఆ అబద్ధాన్నీ తన అబద్ధాన్నీ శివుడు ఒక్క తీరుగానే చూస్తాడా? ఇల్లు పోగొట్టుకోవడానికి ఆడినదీ, ఇల్లు సంపాదించుకోవడానికి ఆడినదీ ఒకటేనా? వెనక మనుషులు "జరుగు పటేలా, నడువు" అంటున్నారు. పక్కకు జరిగి దారి ఇచ్చాడు. నీళ్లు పోయకుండానే దిగి వచ్చాడు.

గంగామణి నిండు చెంబు చూసింది. "గుడి మూసిండ్రా?"

"తెరిచే ఉన్నది. నేనే పోలె." వాకిట్లో కూర్చుని అంతా చెప్పాడు. ఆఫీసులో ఎవరినో పట్టుకుని ఇల్లు తెచ్చాడని తప్ప, గంగామణికి ఇంతకాలం ఇంకేమీ తెలియదు.

"సర్కారు పైసలు సాలకుంటే గోడలు మనం కట్టుకుంటిమి. ఇప్పుడు పసుపేడ పెడుదం, నా నెత్తి మీదనా?" అని అరిచింది. తర్వాత చీర కొంగుతో మొహం తుడుచుకుంది. "పదకొండేండ్ల సంది గా ఇంట్ల దీపం పెట్టింది నేను. ఎవలింట్ల పెడుతున్ననో నాకన్న జెప్పాలె గదనయ్యా!" ఆ మాట అతనికి ఏ తిట్టుకన్నా గట్టిగా తగిలింది.

మరునాడు పొద్దున ఆఫీసుకు పోతుంటే హన్మయ్య దారికి అడ్డం వచ్చాడు. "పిస లేసిందిరా నీకు? పదకొండేండ్లల ఒక్కడన్న అడిగిండా?"

"ఎవ్వలడుగలే. అడిగితే ఎప్పుడో జెప్తుండె కావచ్చు," అన్నాడు ముత్తెన్న. అన్నాక, అది కూడా నిజం కాదని గుర్తొచ్చింది. మొన్న అడిగారు కదా.

ఆఫీసరు పాత ఫైలు తీయించింది. మూలల్లో పసుపుపచ్చబడ్డ ఫోటో. ముత్తెన్న చూపుడు వేలు పెట్టి చూపించాడు.

"గీ చాట చూడుండ్రి మేడం. అంచుకు ఎర్రగుడ్డ కుట్టి ఉన్నది. ఇయ్యాల్టికి గూడ పోచవ్వ గదే చాటల బీడీలు చేస్తది, షెడ్డు కిందికి పోయి చూడుండ్రి. గుడిసె ఆమెది. గొంగడి ఆమెది. గీ ఫోటోల నాది మొకం ఒక్కటే."

గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. "సోమవారం సోమవారం గుట్టెక్కెటోడు గీనేనా?" అని వినపడింది. ఆఫీసరు మాత్రం నవ్వలేదు. ఉన్నది ఉన్నట్టు రాసి, సంతకం పెట్టి, వచ్చే సభలో అందరి ముందూ మీరే చదవాలంది. ఏడో తరగతి చదువు ముత్తెన్నది. ఆ కాగితంలో పది వరుసలే ఉన్నాయి. చదవడానికి పట్టిన సేపు మాత్రం అతనికి పది సోమవారాలంత అయింది. చివరి వరుస, "శివుని మీద ఆన పెట్టి తప్పినాను" అన్నది, రెండుసార్లు చదవాల్సి వచ్చింది. మొదటిసారి వెనకవాళ్లకు వినపడలేదు. ఆ రోజు అతనికి ఎవరూ కుర్చీ వేయలేదు.

ఇల్లు అతని పేరు మీద నుంచి కొట్టేసి పోచవ్వ పేరున రాయడానికి నెలన్నర పట్టింది. ఆలోపు ముత్తెన్న బస్తాలన్నీ దించి, ఇల్లు కడిగాడు. ఎన్నిసార్లు కడిగినా నేలకు పట్టిన పసుపు పోలేదు. గంగామణి వచ్చి తనూ చీపురు అందుకుంది. అయినా పోలేదు.

పోచవ్వ మూట, చాట పట్టుకుని వచ్చి, గడప దాటి లోపలికి చూసింది.

"ఏందిరో, ఇంటికి పసుపు వూసి పెట్టినవ్, పెండ్లిపిల్ల లెక్క!"

ముత్తెన్న నవ్వలేకపోయాడు. తాళంచెవి గంగామణి చేత ఇప్పించాడు. తను చంకలో ఉన్న మూట విప్పి గొంగడి తీసి, రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. "గుడిసె తోటి తీస్కపోయిన అక్కా."

పోచవ్వ గొంగడి అందుకుని, ఒక మూల వెతికి చూసింది. బీడీ నిప్పు పడి కాలిన చిన్న బొక్క ఉంది. అందులో వేలు పెట్టింది. మొగుడిదేనని గుర్తు. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఏపాకు వాసనొస్తున్నది."

"సందుగల పెట్టిన. పురుగు పట్టొద్దని."

"పదకొండు చలికాలాలు," అంది ఆమె మెల్లగా. "సందుగకు సలి పెడుతదా తమ్మీ?"

ఆమె గొంగడిని పసుపు నేల మీద పరిచి, దాని మీద కూర్చుని, చాట ఒళ్లోకి తీసుకుంది.

"ముట్టింది," అంది. "ఇగ పో."