జయమణి క్యారియర్

వంజరం చేపల మీద ఐసుముక్కలు సర్దుతుండగా జయమణి బొడ్లో సెల్ మోగింది. అవతల నీమా. టాంజానియా నుంచి వచ్చి యూనివర్సిటీలో చదువుకుంటున్న పిల్ల. పాస్టరుగారు అడిగితే జాలరిపేటలోని తన ఇంట్లో వెనకగది ఇచ్చింది జయమణి.

"ఆంటీ, అమ్మ చనిపోయింది," అంది నీమా, వచ్చిన కాస్త తెలుగులో.

బేరానికి వచ్చినామెను పొమ్మని జయమణి గంప ఎత్తుకుంది. యాభై దాటిన మనిషి. గంప మోసి మోసి మెడ ఒక పక్కకి ఒరిగిపోయింది. చేతులకి పట్టిన చేపల వాసన ఏ సబ్బుకీ లొంగదు. నీమా వచ్చిన కొత్తలో, ఆ పిల్ల ముక్కు మూసుకుంటుందేమోనని గరిటె చివర పట్టుకుని దూరం నుంచి వడ్డించేది. నీమా నవ్వి, మా అమ్మ కూడా చేపలే అమ్ముతుంది, ఆమె చేతులూ ఇంతే అని చెప్పింది. ఆ రోజు నుంచి జయమణి దగ్గరగా కూర్చుని వడ్డించడం మొదలుపెట్టింది.

ఇంటికొచ్చేసరికి నీమా మంచం మీద ఫోను పట్టుకుని కూర్చుంది. సాయంత్రమే పాతిపెడతారట. బయల్దేరినా అందుకోలేదు. పైగా వీసా పొడిగింపు ఇంకా రాలేదు, ఇప్పుడు దేశం దాటితే తిరిగి రావడం కుదరదు.

జయమణి పొయ్యి వెలిగించలేదు. ఆ వీధిలో చావు కబురు వచ్చిన ఇంట్లో పొయ్యి వెలగదు, ఇరుగుపొరుగువాళ్ళే అన్నం తేవాలి. తెచ్చినవాళ్ళు క్యారియర్ తిరిగి అడగకూడదు, తీసుకుపోకూడదు. ఎప్పటికో గొంతులో ముద్ద దిగిన రోజున ఆ ఇంటివాళ్ళే తెచ్చి చేతికిస్తారు. ఎవరింట్లో ఏడుపు వినిపించినా ముందు వెళ్ళేది జయమణి క్యారియరే. ఆవిడ గురించి చెప్పుకోవడానికి అంతకంటే విశేషమేమీ లేదు.

మధ్యాహ్నం దాటినా ఆ గడప ఎవరూ తొక్కలేదు. జయమణికి కోపం వచ్చింది. పక్కింటికి వెళ్ళి, కబురు అందలేదా అని నూకాల్ని అడిగింది.

"అందినాది అప్పా. శవం లేని ఇంటికి బువ్వేటి?" అంది నూకాలు. ఆమె చెడ్డ మనిషి కాదు, ఆనవాయితీ అది.

జయమణికి ఆ మాట కొత్త కాదు. మొగుడు సుందర్ రాజ్ వేటకెళ్ళి బోటుతో సహా తిరిగి రానప్పుడు కూడా వీధి అదే అంది. శవం దొరకనీ, చూద్దామన్నారు. దొరకలేదు. ఆకలికి ఆగలేక తన పొయ్యి తనే వెలిగించుకుని గంజి కాచుకుంది. అంత సిగ్గు ఆవిడ బతుకులో మళ్ళీ పడలేదు. ఈ పిల్లకి ఆ గతి పట్టకూడదనుకుంది.

"అయితే నీ పొయ్యి ఓపాలి ఇయ్యి. నాను ఒండుతాను," అంది.

జయమణి నూకాలు పెరట్లో అన్నం, చారు వండి తన క్యారియర్లో సర్దుకుని, పొరుగు మనిషిలా వెళ్ళి తన తలుపు తనే తట్టింది.

"నూకాలు కాడ్నుంచి తెచ్చినాను. ఒక్క ముద్ద తినమ్మా."

అక్కడ పెట్టమన్నట్టు నీమా కిటికీ గట్టు చూపించింది. ఫోన్లో అమ్మని పాతిపెట్టడం చూపిస్తున్నారు, ఎర్రమట్టి, ఎవరివో కాళ్ళు. పెట్టె దించుతుండగా బొమ్మ ఆగిపోయింది. ఎంతసేపు చూసినా కదల్లేదు.

"ఈ చదువు అమ్మకి చూపించాలని వచ్చాను. ఇప్పుడు ఎవరికి, ఆంటీ?" అంది నీమా.

జయమణి వెళ్ళి పక్కన కూర్చుంది. ఇద్దరూ ఆ రాత్రి పస్తే.

మర్నాడు నీమా ఆ అన్నం కుక్కకి పెట్టి గిన్నెలు తోమింది. వారం తిరక్కుండానే చదువు వదిలేసి వెళ్ళిపోయింది. క్యారియర్ తనే తెచ్చి చేతికివ్వాలన్న సంగతి ఆ పిల్లకి తెలియదు. చెబితే అడిగినట్టవుతుందని జయమణి చెప్పలేదు.

తర్వాత అదే వీధిలో ఎల్లారావు తండ్రి పోయినప్పుడు జయమణి ఆ ఇంటికి సత్తుగిన్నెలో అన్నం పట్టుకెళ్ళింది, పైన పళ్ళెం మూతపెట్టి. వెనకగది రోజూ ఊడుస్తుంది. కిటికీ గట్టు మీద క్యారియర్ గిన్నెలు నీమా బోర్లించినట్టే ఉన్నాయి.