చోటిచ్చిన మనిషి

నా కూతురు లూదియా కనబడకుండా పోయిన రోజు నేను ఆళ్లగడ్డ బడిలో అయిదో తరగతికి భిన్నాలు చెబుతున్నాను. ఆస్పత్రిలో ఆయా పని ఉందని ఎవరో అంటే తను పొద్దున్నే నంద్యాల బస్సెక్కింది. పందొమ్మిదేళ్లది. సాయంత్రం తిరిగి రాలేదు.

మూడేళ్లకు, 1981లో, బొంబాయి పోలీసులు ఒక ఇంటి మీద దాడి చేసి విడిపించిన ఆడపిల్లల్లో లూదియా ఉంది. నంద్యాల బస్టాండులో ఒక ఆడమనిషి పని చూపిస్తానని నమ్మించి తీసుకుపోయి ఆ ఇంట్లో అమ్మిందనీ, అక్కడే ఉండి తమ మీద పెత్తనం చేసిందనీ చెప్పింది. పేరు తెలియదు, ముఖం తెలుసు.

పోలీసులు గడివేములలో ఓబులమ్మ అనే ఆమెను పట్టుకున్నారు.

"పాప వరుసలో ఆ యమ్మ భుజం తాకి సూపిస్తే కేసు నిలబడతాది టీచరమ్మా. లేకుంటే ఆ యమ్మ బిరీన బయటికొస్తాది. మళ్లా అదే బస్టాండు, ఇంకొకరి పాప," అన్నాడు ఎస్సై నరసింహులు.

లూదియా గుర్తుపట్టడానికి సబ్‌జైలు వరండాలో ఏడుగురు ఆడవాళ్లను వరుసగా నిలబెట్టారు. ఓబులమ్మ తప్ప మిగతా వాళ్లు సంతలో కూరగాయలు అమ్ముకునేవాళ్లు. అందరిదీ ఒకటే ఈడు. ఓబులమ్మను నేనెప్పుడూ చూడలేదు. లూదియా నన్ను వదలకపోవడంతో, నోరు విప్పకూడదన్న షరతు మీద మెజిస్ట్రేటుగారు నన్ను గుమ్మం దగ్గర ఉండనిచ్చారు.

"ఏందక్కా, మనకు పెళ్లిచూపులా?" అంది వరుసలో ఒకామె.

"మూతి సూసుకున్యావా? సక్కగ నిలబడు," అంది జైలు కాపలామనిషి రహమత్‌బీ.

ఏడుగురూ నవ్వారు.

"పోమ్మా, ఆ మనిషెవరో సూసి తాకు," అంది రహమత్‌బీ లూదియాతో.

లూదియా మెల్లగా నడిచింది. ఒక్కరి ముఖమూ చూడలేదు. సగం దాకా వెళ్లి, మా వైపు తిరిగి, ఇద్దరి మధ్య వరుసలో నిలబడింది. చేతులు కిందికి వదిలి, తల దించుకుని.

నవ్వులు ఆగిపోయాయి. కుడిపక్క ఆమె బెదిరి వెనక్కి తగ్గింది. ఎడమపక్క ఆమె బెదరలేదు. కొంచెం జరిగి చోటిచ్చింది. తల తిప్పకుండానే, రోజూ చేసే పనిలా, రెండు వేళ్లతో లూదియా గడ్డం పైకెత్తింది. జారిన పైట సర్దింది. లూదియా నిటారుగా నిలబడింది.

మెజిస్ట్రేటుగారు ఆ క్షణాన కాగితం మీదికి వంగి ఉన్నారు.

"ఆమే," అన్నాను.

"మాట్లాడకూడదన్నాను. ఆమెను ఇంతకుముందు చూశారా?"

"లేదండి."

"మీ మాట నేను రాయలేను. సాక్షి ఎవరినీ తాకలేదు."

తిరుగు బస్సులో లూదియాను అడిగాను, అక్కడెందుకు నిలబడ్డావని.

"అందురూ నిలబడినారు గదమ్మా," అంది.

ఓబులమ్మ బెయిలు మీద బయటికి వచ్చింది.

మా ఇల్లు బడి పక్కనే. పొద్దున ప్రార్థనకు పిల్లలు వరుస కట్టగానే లూదియా వచ్చి చివర నిలబడుతోంది, తన గడ్డం పైకెత్తి. పిల్లలు ఎవరూ నవ్వరు. ఒకరోజు ఆమె పక్కనున్న చివరి పిల్ల మాత్రం బెదిరి ఏడ్చింది. ఇప్పుడు నేను పిల్లలను గుంపుగానే నిలబెడుతున్నాను. హెడ్మాస్టరు సామ్యేలుగారు చూసి, గంట కొట్టించారు.

నిన్న నరసింహులు కోర్టు సమన్లు తెచ్చాడు. బోనులో ఓబులమ్మ ఒక్కతే ఉంటుందనీ, లూదియా జడ్జిగారి ముందు ఆమెను చూపించినా చాలుననీ చెప్పి వెళ్లాడు.

ఆ బోనులో ఇంకొకరికి చోటుంటుంది. లూదియాకు ఇంకా చెప్పలేదు.