ఉగ్గుగిన్నె వచ్చిన తరవాత

నేను ఒక కంచు కంచాన్ని. ఇత్తడి, కంచు సామాన్లు చేసే అజ్జరం ఊళ్ళో పుట్టాను. నన్ను కొన్న పెద్దాయన నా అంచు మీద వేలితో ఒక్కసారి కొట్టి, మోత ఆగేదాకా చెవి పెట్టి విని, బేరమాడకుండా ఇంటికి తెచ్చుకున్నాడు. ఆయన పోయాక ఆయన కొడుకు నాగేంద్రుడి వంతుకు వచ్చాను. నాగేంద్రుడు నా నడుమ తన పేరు చెక్కించాడు. పేరు చెక్కిస్తే వస్తువు తమదైపోతుందని మనుషుల నమ్మకం. ఆ మనిషి నావాడైపోయాడని నేననుకున్నాను.

రావులపాలెం అరటి మార్కెట్టులో గెలలు ఎత్తే మనిషి అతను. భోజనానికి కూర్చుంటే ఆ పేరు అన్నం కింద మునిగిపోయేది. తిన్నాక మళ్ళీ తేలేది. మునగడం, తేలడం, అదే నా బతుకు. పెళ్ళిళ్ళలో అతను పంక్తిలో కూర్చుంటే, "నాగేంద్రుడొచ్చాడు, ఇంకో డేగిసా అన్నం ఎక్కించండెహె!" అని నవ్వేవారట. ఆ నవ్వుల్లో సగం నావేనని మురిసిపోయేదాన్ని.

తరవాత అతని కడుపులో కేన్సరు అన్నారు. కాకినాడలో ఆపరేషను చేసి కడుపులో చాలా భాగం తీసేశారు. ఇంటికొచ్చిన రోజున నన్ను తోమి అతని ముందు పెడతారని ఎదురుచూశాను. అతని భార్య మంగతాయారు నన్ను గోడ అరలో నిలబెట్టి, పెట్టె అడుగు నుంచి వెండి ఉగ్గుగిన్నె తీసింది. ఎప్పుడో వాళ్ళ కూతురికి పాలు పట్టిన గిన్నె. అరచేయంత కూడా లేదు. అయినా దాన్ని వేడినీళ్ళతో కడిగేవారు, పొడిగుడ్డతో తుడిచేవారు, మాటిమాటికీ అతని దగ్గరికి తీసుకెళ్ళేవారు. నా ఇన్నేళ్ళ ఊడిగంలో అలాంటి మర్యాద నేనెరుగను.

కుట్లకు కట్టు మార్చడానికి రాహేలు అనే నర్సు వచ్చేది. "కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినండి బాబాయిగారూ. బాగా నమలండి. అన్నంతోపాటు నీళ్ళొద్దు" అనేది. అతను తలూపేవాడు. ఆమె వెళ్ళగానే గోడవైపు తిరిగిపోయేవాడు. మంగతాయారు గిన్నె పట్టుకుని మంచం పక్కన కూర్చునేది. ఒక్కోసారి అది నిండుగానే వెనక్కి వచ్చేది. అది అలా వచ్చినప్పుడల్లా నాకు సంతోషంగా ఉండేది. అతని చొక్కా భుజాల మీంచి జారుతోందని నేను చూడలేదు. గిన్నెనే చూశాను.

ఒక మధ్యాహ్నం అతని అక్క పేరంటాలు పనసపొట్టు కూర వండుకుని వచ్చింది. మంగతాయారు పెరట్లో బట్టలు ఉతుకుతోంది. తమ్ముడి చేతిలో గిన్నె చూసి పేరంటాలు గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఓరి నాయనో, మగాడికి ఉగ్గుగిన్నెలో పెడతన్నారా! అందుకే ఇలా ఎండిపోయావురా."

నన్ను అరలోంచి తీసి, చీరచెంగుతో తుడిచి, అన్నం పెట్టింది. మా గోదావరి వైపు అక్క చేత్తో వడ్డిస్తే వద్దనడం ఉండదు. "ఇంకొక్క ముద్ద. నా మీద ఒట్టు" అంటే అతను తిన్నాడు. మళ్ళీ ఒట్టు, మళ్ళీ ముద్ద. నా మీద చెక్కిన పేరు ఎన్నాళ్ళకో మునిగింది. గిన్నె వైపు చూశాను. అది నేలమీద పక్కకు ఒరిగి ఉంది.

కాసేపటికి అతని నుదుటి మీద చెమట పట్టింది. గుండె దడదడలాడుతోందన్నాడు. తిన్నదంతా నాలోకే వెళ్ళగక్కాడు.

కట్టు మార్చే వేళకు వచ్చిన రాహేలు అతన్ని పడుకోబెట్టి, చెయ్యి పట్టుకుని నాడి చూస్తూ కూర్చుంది. పెరట్లోంచి పరుగెత్తుకొచ్చిన మంగతాయారు అతని ముఖం తుడిచింది. పేరంటాలు మూల నిలబడి, "నా చేత్తో నేనే చంపుకోబోయానమ్మా" అని ఏడ్చింది.

"పొరపాటే గానీ ప్రాణానికేం కాదండి. కాస్త పడుకుంటే సర్దుకుంటుంది. మీరెందుకు తిన్నారు బాబాయిగారూ?" అంది రాహేలు.

అతను నేలమీది గిన్నె వైపు చూపించాడు. "ఆ గిన్నె చూత్తే సిగ్గేత్తందమ్మా. నా తిండి చూసి నవ్వినోళ్ళు, ఇప్పుడు చూసి ఏడుత్తారు." అన్నాళ్ళలో అంత పొడుగు మాట అతని నోట రావడం అదే మొదలు. మంగతాయారు అతని పాదాలు దుప్పటిలో కప్పింది.

మర్నాడు పేరంటాలు మళ్ళీ వచ్చింది. వంటింట్లోంచి మరో చిన్న గిన్నె వెతికి తెచ్చుకుని తమ్ముడి ఎదురుగా చతికిలబడింది. "నాకూ అంతే పెట్టు మంగా" అంది. ఇద్దరూ మెల్లగా నమిలారు. గిన్నె ఖాళీ చేసి అతను ఇంకో చెంచా కోసం చెయ్యి చాచాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుంది.

"చాలు తమ్ముడూ."

అతను ఆమెను తేరిపార చూశాడు. "నీ నోట 'చాలు' అన్న మాట వినడానికి కడుపు కోయించుకోవాల్సొచ్చిందే అక్కా!" అని నవ్వాడు. కుట్లు లాగుతుంటే, "అమ్మా" అంటూ కూడా నవ్వాడు. పేరంటాలు కళ్ళు తుడుచుకుంటూ, "పోరా, పోకిరీ" అంది.

అప్పుడు అతను అర వైపు చూపించాడు. "మంగా, నా కంచం తే. గిన్నె అందులో పెట్టు. మంచం మీద కాదు, మీ అందరితో కింద కూర్చుని తింటాను."

అప్పటి నుంచి నేను రోజూ కిందికి దిగుతున్నాను. నా నడుమ, సరిగ్గా అతని పేరు మీద ఆ గిన్నె కూర్చుంటుంది. తిండి దానిలో, చెయ్యి దానిలో, అందరి చూపూ దాని మీదే. నా కుళ్ళు తగ్గిందని చెప్పను.

కానీ అతను తినడం అయ్యాక ఖాళీ గిన్నెను నాలో ఖంగుమని వదులుతాడు. ఆ మోత వినడానికి, వడ్డించి వంటింట్లోకి వెళ్ళిన మంగతాయారు చేతిలో పని ఆపుకుని ఉంటుంది. వినపడగానే ఊపిరి వదిలి, మళ్ళీ పనిలో పడుతుంది.

ఆ మోత నాది.