ఐదో గుడ్డ

గుడ్డలను అప్పటికే రెండుసార్లు జాడించింది సబ్బుబిళ్ళ. మూడోసారి నీళ్ళు మార్చి, ఒకదాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి అంచు నుంచి అంచుదాకా చూసింది. నడిమధ్యన ఇంకా లేత పసుపు ఛాయ ఉన్నట్టు అనిపించింది. మరొకరికైతే అది కనిపించేదే కాదు. ఆమెకు మాత్రం కంట్లో నలుసులా ఉంటుంది. దాన్ని మళ్ళీ వేడినీళ్ళలో పడేసింది.

ఆ ప్రసూతి ఆసుపత్రిలో ఆయాగా చేరి ఇరవై ఆరేళ్ళు. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా మిగల్లేదు. ఎప్పుడు చూసినా సబ్బు వాసన వేస్తుందనీ, ఏటికేడూ అరిగి సన్నబడిపోతోందనీ పెద్ద సిస్టరు ఆ పేరు పెట్టింది. "అరిగితే అరిగాను గానీ, మురికి వదిలించానా లేదా?" అని నవ్వేసేది ఆమె. మనిషి నిజంగానే పీచులా ఉంటుంది. బకెట్లు మోసి మోసి కుడి భుజం కిందికి జారింది. వేళ్ళ కొసలు ఎప్పుడూ నాని, తెల్లగా ముడతలు పడి ఉంటాయి.

ఈ శుభ్రం పిచ్చి ఊరికే పుట్టలేదు. తన తొలికాన్పు వేరే ఊళ్ళో, వేరే ఆసుపత్రి వరండాలో జరిగింది. పొద్దున కని, చీకటి పడేదాకా అదే గుడ్డ మీద పడుకుంది. అది ఎండి అట్టకట్టి వీపుకు అంటుకుపోయింది. దారిన పోయేవాళ్ళు ముక్కు మూసుకున్నారు. కట్టుకున్నవాడు కూడా దూరంగానే నిలబడి మాట్లాడాడు. నొప్పి ఆమె ఏనాడో మర్చిపోయింది గానీ ఆ సిగ్గు మర్చిపోలేదు. తన చేతికింద ఏ తల్లీ అలా పడి ఉండకూడదని ఉద్యోగంలో చేరిన రోజే అనుకుంది, ఒక్కరోజు కూడా తప్పలేదు. గుడ్డ తడిసిందంటే చాలు, మెరుపులా మార్చేస్తుంది. తీసినదాన్ని వెంటనే వరండా చివర మూత బకెట్టులో పడేస్తుంది. తనిఖీకి వచ్చిన వాళ్ళందరూ ఆ వార్డు చూసి మెచ్చుకుని వెళ్ళినవాళ్ళే.

ఆ పొద్దున తొమ్మిదింటికి కాన్పయిన అమ్మాయిని పదింటికి మూడో మంచం మీదికి మార్చారు. సిటీ బస్సులో కండక్టరు. ఇరవై నాలుగేళ్ళుంటాయి, తొలికాన్పు. నొప్పులు పడుతూ కూడా మెడలో ఎర్రతాడు ఈల తియ్యనివ్వలేదు. పాప బయటపడగానే, "ఎట్టకేలకు దిగిందండీ! స్టాపు దాటిపోయి నాలుగు రోజులైంది" అంది. డాక్టరమ్మ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. పాపను త్రాసులో పడుకోబెడితే ముల్లు మూడు కిలోలకు ఒక్క గీత ఇవతల ఆగింది. సబ్బుబిళ్ళ ఆ గీత చూసి, "బంగారుకొండ" అని పాపను గుడ్డలో చుట్టి అమ్మమ్మ చేతికిచ్చింది.

"పెద్దమ్మా, కాస్త తడిసినట్టుందే" అంది అమ్మాయి, పావుగంట కాకుండానే. ముఖం ఎర్రబడింది.

"సిగ్గెందుకే తల్లీ! దీనికోసమే కదా నేనున్నది. కాస్త నడుము ఎత్తు."

నాలుగు మడతల మందపాటి గుడ్డ తీసి, కొత్తది పరిచింది. రెప్పపాటులో అయిపోయింది. పాపను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న అమ్మాయి తల్లి నోరు తెరుచుకుని చూసింది.

"ఇంత శుభ్రంగా మా ఇంట్లో నేను కూడా చూసుకోలేనమ్మా" అంది ఆమె.

సబ్బుబిళ్ళ పొంగిపోయింది. పొగడ్తకు లొంగని మనుషులు ఉంటారేమో గానీ, ఆమె ఆ జాబితాలో లేదు.

"ఏదైనా కావాలంటే ఈల ఊదు, పరిగెత్తుకొస్తా" అంది.

"ఒక ఈల అంటే ఆపు, రెండంటే పోనివ్వు. గుర్తుంచుకో మరి" అంది అమ్మాయి.

పదిన్నరకు ఒక ఈల వినపడింది. రెండో గుడ్డ. సబ్బుబిళ్ళ దాన్ని మార్చి వెళ్ళిన రెండు నిమిషాలకు చిన్న సిస్టరు వచ్చింది. ఆ పూట లోపల ఇంకా ఇద్దరు నొప్పులు పడుతున్నారు, లోపలికీ వార్డుకూ కలిపి తనొక్కతే, కాళ్ళకు చక్రాలు కట్టుకున్నట్టు తిరుగుతోంది. దుప్పటి ఎత్తి చూసింది. తెల్లటి గుడ్డ మీద చొక్కా గుండీ అంత మరక. నాడి చూసింది, పర్వాలేదు. చీటీలో 'రక్తస్రావం మామూలే' అని రాసి లోపలికి పరిగెత్తింది.

పదకొండింటికి మూడోది. ఎత్తుతుంటే బరువనిపించింది. చెప్పాలా అన్న ఆలోచన ఒక్క క్షణం వచ్చింది కూడా. ఎప్పుడో, చేరిన కొత్తలో, అప్పటి సిస్టరు అన్నం డబ్బా తెరిచి తింటుంటే వెళ్ళి, గుడ్డ బాగా తడిసిందని చెప్పింది. "తినేటప్పుడా ఈ కబుర్లు? తడిస్తే మార్చు, నాకెందుకు చెప్పడం?" అని కసిరింది ఆవిడ. ఆవిడ బదిలీ అయి పదిహేనేళ్ళు దాటింది, ఆ మాట మాత్రం ఇక్కడే ఉండిపోయింది. సబ్బుబిళ్ళ మూత బకెట్టు దాకా వెళ్ళి, గుడ్డ అందులో వేసి, మూత పెట్టేసింది. మళ్ళీ వచ్చిన సిస్టరుకు మళ్ళీ తెల్లటి గుడ్డే కనిపించింది.

నాలుగోది మార్చేటప్పుడు ఈల వినపడలేదు. తనంతట తనే వెళ్ళి చూసి మార్చింది. ఈసారి గుడ్డ చేతిని కిందికి లాగింది. అమ్మాయి ఆవలిస్తోంది.

"చలిగా ఉంది పెద్దమ్మా. దాహంగా కూడా."

నీళ్ళు పట్టించి, ఇంకో దుప్పటి కప్పి, పాదాల దగ్గర చుట్టూ దోపింది. తొలికాన్పు కదా, అలసిపోయింది పాపం అనుకుంది. "పడుకో తల్లీ" అని జుట్టు సవరించింది. ఐదోసారికి చేతికందేలా ఒక గుడ్డను మడతపెట్టి మంచం పక్క స్టూలు మీద ఉంచి, గోడకు జేరబడింది. ఈల మోగలేదు. మోగకపోతే హాయిగా నిద్రపోతోందనే అనుకుంది.

పన్నెండవుతుండగా చిన్న సిస్టరు వచ్చి నాడి కోసం అమ్మాయి చెయ్యి పట్టుకుంది. వదిలి, మళ్ళీ పట్టుకుంది. మెడ దగ్గర వేళ్ళు పెట్టింది. ఆమె కేకకు వార్డంతా ఉలిక్కిపడింది. పాపతో ఉన్న అమ్మమ్మను బయటికి పంపేశారు.

డాక్టరమ్మ పరిగెత్తుకొచ్చింది. కడుపు మీద పిడికిలితో నొక్కుతూ, సూదులు పొడిపిస్తూ, రక్తం సీసాలకు మనిషిని తరుముతూ అడిగింది: "ఎంత పోయింది?"

"ఎక్కువేం లేదు డాక్టర్. రెండుసార్లు చూశాను. గుడ్డ శుభ్రంగానే ఉంది."

సబ్బుబిళ్ళ మంచం దగ్గరికి వచ్చి, తనకే వినపడనంత నెమ్మదిగా అంది. "నేను నాలుగు మార్చానమ్మా."

డాక్టరమ్మ తల తిప్పింది. "ఏంటీ?"

"గుడ్డలు. నాలుగు మార్చాను."

"తీసుకురా."

ఆమె బకెట్టు తెచ్చింది. రోజూ మోసే బకెట్టే, ఆ రోజుదాకా వార్డు ఇంత పొడవని తెలియలేదు. మూత తీసి, దగ్గర్లో ఉన్న పాపల త్రాసులోకి పెద్ద సిస్టరు ఆ నాలుగింటినీ ఎత్తి వేసింది. ముల్లు ఊగి ఊగి ఆగింది. పొద్దున పాపను పడుకోబెడితే ఆగిన గీతకు రెండు గీతలు తక్కువ, అంతే. ఒక పసిబిడ్డంత బరువు ఆ తల్లి ఒంట్లోంచి పోతుంటే, తను ఒక్కొక్క గుడ్డే తీసి, మూత పెట్టి, తెల్లగా దాచేసింది. ఆ ముల్లు నుంచి ఆమె చూపు మరల్చుకోలేకపోయింది.

"పొడి గుడ్డల బరువు తీసేసినా రెండు లీటర్లకు దగ్గర" అంది పెద్ద సిస్టరు.

"వయసులో ఉన్న ఒళ్ళు చివరిదాకా తట్టుకుంటుంది, ఆ తర్వాత ఒక్కసారే కూలిపోతుంది" అంది డాక్టరమ్మ, ఎవరితోనో తెలియకుండా. చేతులు మాత్రం ఆపలేదు.

రక్తం వచ్చింది, ఎక్కించారు. ఇంకొకటి తెప్పించారు. అమ్మాయి ఒకసారి కళ్ళు తెరిచి ఏదో చెప్పబోయినట్టు పెదవులు కదిపింది. ఒంటిగంటన్నరకు డాక్టరమ్మ చేతులు ఆగాయి. తెర లాగిన చప్పుడు ఒక్కటే వినపడింది.

బట్టలుతికే గదిలో మూల కూర్చున్న సబ్బుబిళ్ళ దగ్గరికి పెద్ద సిస్టరు వచ్చి ఎదురుగా గట్టు మీద కూలబడింది.

"నేను మార్చకుండా ఉండుంటే సిస్టరమ్మా?"

పెద్ద సిస్టరు ఆమె చేతి మీద చెయ్యి వేసింది. "నీ ఒక్కదాని మీదికి తోసేస్తే మేం మనుషులం కాదు. గర్భసంచి గట్టిపడిందో లేదో పొట్ట మీద చెయ్యి పెట్టి చూడాల్సింది మేము. గుడ్డ ఎందుకు చూస్తామో ఇరవై ఆరేళ్ళలో ఒక్కరోజు నీకు చెప్పలేదు. శుభ్రంగా ఉందని మెచ్చుకుంటూ కూర్చున్నాం. రేపట్నుంచి ప్రతి గుడ్డా సిస్టరుకు చూపించాలి, తూకం వెయ్యాలి, చీటీలో ఎక్కాలి. ఆ తర్వాతే బకెట్టు."

"రేపట్నుంచి" అంది సబ్బుబిళ్ళ. ఆ మాట నోట్లో గరుకుగా తగిలింది.

సాయంత్రం అమ్మాయి తల్లి పాపను భుజాన వేసుకుని వెళ్ళబోతూ ఆమె కోసం వెతుక్కుంటూ వచ్చింది. ఎర్రతాడు ఈల ఆమె మణికట్టుకు చుట్టి ఉంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. సబ్బుబిళ్ళ నానిన చేతులను రెండు చేతులతో పట్టుకుంది.

"నువ్వు బాగా చూసుకున్నావమ్మా. చివరిదాకా నా బిడ్డను తెల్లటి గుడ్డ మీదే పడుకోబెట్టావు. నీ మేలు మర్చిపోను."

సబ్బుబిళ్ళ నోరు తెరిచింది. చెప్పాలనే తెరిచింది. ఆ నాలుగు గుడ్డల సంగతి గొంతుదాకా వచ్చింది. పాప కదిలి సన్నగా ఏడ్చింది, అమ్మమ్మ చేతులు వదిలేసి పాపను జోకొడుతూ మెట్లు దిగిపోయింది.

బకెట్టు త్రాసు పక్కన అలాగే ఉంది. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి ఆమె గుడ్డలు ఉతకకుండా ఇంటికి బయలుదేరింది. వార్డు గుమ్మం దగ్గర ఒకసారి ఆగి వెనక్కి చూసింది. మూడో మంచం మీద పరుపు కూడా తీసేశారు. పక్కన స్టూలు మీద, నాలుగు మడతలు పెట్టి అంచులు కలిపి పెట్టిన ఐదో గుడ్డ, ఒక్క మరకైనా లేకుండా ఉంది.